ఎల్లేశం ఒక్కపొద్దు

అండాలు రెండో జొన్నరొట్టె పెంక మీద వేసి, తడిచేత్తో దాని పైన నీళ్లు రాస్తుండగా అత్త భద్రమ్మ వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. అప్పుడే తెల్లవారింది. వాకిట్లో ఎల్లేశం ఉతికిన అంగీ తొడుక్కొని, చెప్పుల్లో కాళ్లు పెట్టుకొని, ఎటూ పోకుండా నిలబడి ఉన్నాడు. ఆత్మకూరు నుంచి పాలమూరు పోయే బస్సు ఊరి బయట రోడ్డు మీద ఆగుతుంది. అందులో పెద్ద దవాఖానకు పోవాలన్నది మొగుడూ పెళ్లాల ఏర్పాటు. తల్లికి మాత్రం బజారు పని అని చెప్పాలి.

దవాఖాన సంగతి పైకి చెప్పుకునేది కాదు. పెండ్లయి మూడో ఏడు నడుస్తోంది. ఎల్లేశానికి పొద్దుగూకకముందే నిద్ర ముంచుకొస్తుంది. నడి ఎండాకాలంలో కూడా చేతివేళ్లు చల్లగా ఉంటాయి. మొఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, గడ్డం రావాల్సిన చోట నూగు కూడా సరిగా లేదు. ఊరు దీన్ని బద్ధకం అంది. కల్లు దగ్గర దోస్తులు ఇంకో పేరు పెట్టారు. పోయిన వారం పాలమూరులో, తెలిసిన కాంపౌండర్ తాజుద్దీన్ అతన్ని దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరుకు చూపించాడు. డాక్టరు మెడ తడిమి, అడగరానివి నాలుగు అడిగి, రక్తం తీయాలన్నాడు. పొద్దున ఏమీ తినకుండా, నీళ్లు కూడా తాగకుండా రమ్మన్నాడు.

"మగతనం పరీక్షకు పోయిండని తెలిస్తే నేను ఊర్ల తలెత్తుకోలేను. నువ్వే ఏదన్న చెప్పి నన్ను తోల్కపో," అన్నాడు ఎల్లేశం ఇంటికొచ్చి. అండాలు సరేనంది. ఆమెకు అబద్ధం చెప్పడం అలవాటు లేదు. మొగుడి గుట్టు దాచిపెట్టడం మాత్రం అలవాటే.

"రొట్టె తిని పోరా ఎల్లీ," అంది భద్రమ్మ.

"నాకొద్దు."

"పాలన్న తాగు."

"వద్దే అమ్మా."

భద్రమ్మ చెంబుతో నీళ్లు ముంచి ఇవ్వబోయింది. ఎల్లేశం, అందులో పాముపిల్ల ఉన్నట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె చూపు కొడుకు మీంచి కోడలి మీదకు మళ్లింది.

"ఏమైందే వీనికి?"

"ఒక్కపొద్దున్నడత్తా," అంది అండాలు. ఆ సమయానికి నోటికొచ్చింది అదే.

"మొగోడు ఒక్కపొద్దా? ఏ దేవునికి?"

"ఎల్లమ్మకు."

"ఏ ఎల్లమ్మకు?"

బస్సు ఎక్కాలి కదా. "పాలమూరు ఎల్లమ్మకు," అంది అండాలు.

"ఏమని మొక్కిండు?"

అండాలు పెంక వైపు చూసింది. రొట్టె ఒక పక్క మాడుతోంది. "నా కడుపు పండాలని," అంది.

భద్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా కొడుకు బంగారం. నీ గొడ్డుతనానికి వాడు కడుపు మాడ్సుకుంటుండు, నువ్వేమో రొట్టెలు కాల్సుకుంట కూసున్నవ్. మొగడు ఒక్కపొద్దుంటే నీకు ముద్ద ఎట్ల దిగుతదే? దించు గా పెంక."

అలా అండాలు కూడా ఒక్కపొద్దయింది.

పక్కింటి బక్కమ్మ గోడ మీంచి అంతా విన్నది. వినకపోయినా ఆమెకు తెలిసేదే. "పెండ్లాం కోసం పస్తున్న మొగోణ్ని ఈ ఊర్ల నేను సూడలే వదినా. నేను జరమొచ్చి సావుబతుకుల్ల ఉన్ననాడు గూడ మా ఆయన రెండుసార్లు అన్నం పెట్టిచ్చుకున్నడు," అంటూ నుదుటి నిండా పసుపు పెట్టుకొని వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు. ఉత్తచేతులతో పోతే ఎల్లమ్మ తల్లి మొఖం తిప్పుకుంటుందని ఒకరన్నారు. ఒక కోడిపుంజు వచ్చింది. పుంజు వచ్చాక డప్పు లేకుండా ఎలా అని మారయ్యను పిలిచారు. మారయ్య డప్పు కాచడానికి గడ్డిమంట వేస్తే, ఏమైందోనని మిగతా వీధి వచ్చింది.

బస్సు దాకా ఊరేగింపే. ఎల్లేశం మెడలో వేపమండల దండ వేశారు. దారిలో కల్లు దించుకొని వస్తున్న కాటమయ్య లొట్టి దించి, "ఒక్క గుక్క తాగురా, ఎండల పోతున్నవ్," అన్నాడు. ఎల్లేశం మొఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఏమి నిష్ఠరా నీది," అని కాటమయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. మొన్నటిదాకా గడ్డం లేదని వేలెత్తి చూపించిన చెయ్యే అది. ఆ తర్వాత ఎల్లేశం నడక మారింది. అండాలు వెనక నుంచి చూసింది. అతనికి ఇది నచ్చుతోంది.

భద్రమ్మ, బక్కమ్మ, మారయ్య కూడా బస్సెక్కారు. లోపల డప్పు కొట్టొద్దని కండక్టరు అన్నాడు. సంగతి విన్నాక ఎల్లేశానికి ముందు సీటు ఇప్పించాడు. అండాలు పుంజును పట్టుకొని నిలబడింది.

పాలమూరులో దిగి బక్కమ్మ దారి అడిగితే, ఎల్లమ్మ గుడి రైలుపట్టాల అవతల అన్నారు. దవాఖాన ఇవతల. గుడికి పోతే తీర్థం తాగాలి, ప్రసాదం తినాలి. అంతటితో పరీక్ష పోయినట్టే. డాక్టరు మధ్యాహ్నానికి వెళ్లిపోతాడు. అండాలు మొగుడి వైపు చూసింది. మొగుడు ఆమె వైపు చూశాడు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు. ఆమె దవాఖాన గేటు దాకా నడిచి, అక్కడ కింద పడిపోయింది. పొద్దుట నుంచి నీళ్లు కూడా లేవు కనుక పెద్దగా నటించాల్సిన పని పడలేదు.

"దవాఖాన ఈడనే ఉన్నది, లోపలికి తోల్కపోదాం," అన్నాడు ఎల్లేశం. పుట్టి ఇంతవాడయ్యాక అతడు అంత చురుగ్గా మాట్లాడటం తల్లి చూడలేదు.

తాజుద్దీన్ ఎదురొచ్చాడు. "ఎవరికి బాగలేదు? నీకా, ఆమెకా?"

"ఆమెకే," అన్నాడు ఎల్లేశం, వరండాలో అందరికీ వినబడేట్టు. లోపలికి పోయాక, "నాకు," అన్నాడు.

డాక్టరు అతన్ని స్టూలు మీద మోకాళ్లూనించి, మడమ వెనక చిన్న రబ్బరు సుత్తితో కొట్టాడు. పాదం ఆలోచించుకొని కదిలింది. అంతకంటే నెమ్మదిగా వెనక్కొచ్చింది. చేతి నుంచి రక్తం తీశారు. అది పట్నం పోయి రావాలి, కానీ తనకు అనుమానం లేదన్నాడు డాక్టరు.

"మగతనానికి లోటేమీ రాలేదు. మెడలో ఒక గ్రంథి ఉంటుంది, అది సరిగా పనిచేయడం లేదు. ఈ చలి, ఈ నిద్ర, అన్నీ దానివల్లే. గోలీలిస్తాను. రోజుకొకటి, బతికినన్నాళ్లు వేసుకోవాలి. ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. పిల్లలకు మాత్రం కొంచెం ఓపిక పట్టాలి."

ఎల్లేశం మొదటి మాట దగ్గరే వినడం ఆపేశాడు. మిగతాది అండాలు విన్నది. అతడు అంగీ తొడుక్కుంటుంటే తాజుద్దీన్ గోలీల సీసా ఆమె చేతిలో పెట్టి, గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. "యాద్ పెట్టుకో బహెన్, దినాం పొద్దున ఒక్కటి. ఒక్క రోజు గూడ మరువొద్దు."

వరండాలో భద్రమ్మ లేచి నిలబడింది. "నేను సెప్పలే బక్కమ్మా? రోగం దీనికే ఉన్నది."

అండాలు మొగుడి వైపు చూసింది. ఎల్లేశం పుంజు తల నిమురుతున్నాడు. ఆ సాయంత్రం గుడి దగ్గర దాని తొడలు రెండూ అతనే తిన్నాడు.

గోలీలు పనిచేశాయి. వానలు పడే నాటికి అతని మొఖం వాపు తీసింది, గొంతు తేటపడింది. పల్లికాయ పీకే నాటికి క్షౌరానికి అందరికంటే ముందు పోయి కూర్చుంటున్నాడు. ఊరు దాన్ని ఎల్లమ్మ ఖాతాలో వేసింది. పెండ్లాం కోసం ఒక్కపొద్దున్నవాడని అతన్ని పెద్దమనుషుల పక్కన కూర్చోబెట్టారు. ఇప్పుడు అతనికి పొద్దుగూకితే నిద్ర రావడం లేదు. ఇంటికి రావడమూ లేదు.

అండాలు రోజూ పొద్దున అందరి ముందూ సీసాలోంచి గోలీ తీసుకొని, గుప్పిట్లో దాచి, పసులకొట్టంలో మొగుడి నోట్లో వేసేది. సీసా అయిపోతే పాలమూరు పోయి కొత్తది తెచ్చేది. చేదబావి దగ్గర ఆడవాళ్లు ఆమె వైపు చూసి, "గన్ని గోలీలు మింగినా ఏం ఫాయిదా," అనుకునేవాళ్లు.

భద్రమ్మ కొడుక్కు కొల్లాపూర్ దిక్కు ఇంకో సంబంధం చూసింది. ఆ సంగతి తెలిసిన రోజు అండాలు పసులకొట్టంలో గోలీ ఇవ్వకుండా గుప్పిట బిగించి నిలబడింది.

"మీ అమ్మకు ఒక్క మాట చెప్పు. గోలీలు ఎవ్వలు మింగుతున్నరో చెప్పు. సాలు."

"ఇప్పుడెట్ల చెప్పాలె? ఊరు ఏమంటది?" అన్నాడు ఎల్లేశం. "కొల్లాపూరోళ్లు వింటే ఏమనుకుంటరు?" అని కూడా అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. అండాలు గుప్పిట విప్పింది.

పండుగ ఏదీ లేకపోయినా, కొన్నాళ్లు తల్లిగారింట్లో ఉండి రమ్మని భద్రమ్మ కోడలికి చెప్పింది. ఎప్పుడు రావాలో చెప్పలేదు. తానే ఆమె బట్టలు మూటగట్టింది. గూట్లో ఉన్న నిండు సీసా కూడా తీసింది.

"నీ మందు నువ్వు తీస్కపో. కొత్త పిల్ల అడుగుపెట్టే ఇంట్ల గిసొంటివి ఉండొద్దు."

ఎల్లేశం స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. అతని చెయ్యి సగం దాకా లేచింది. "అమ్మా, అది..."

"ఏమిరా?"

అండాలు ఆగింది. కొట్టంలో బర్రె ఒకసారి అరిచింది. ఆమె ఇంకా ఆగింది.

"ఏం లేదు," అన్నాడు ఎల్లేశం. "సీసా పగులుతది. జర పదిలంగ కట్టు."

భద్రమ్మ దాన్ని పాత చీరపేలికలో చుట్టి, మూట మధ్యలో పెట్టి ముడి వేసింది. అండాలు మూట సంకన పెట్టుకొని, ఎవరికీ ఏమీ చెప్పకుండా గడప దాటింది. ఆమెను పిలుద్దామని ఎల్లేశం నోరు తెరిచాడు గాని, తల్లి ఇటు తిరగడంతో దాన్ని ఆవులింత చేసుకున్నాడు.