బల్లెం చెప్పినట్టే

ఆ రోజు పొద్దున్న లెఫ్టినెంట్ కున్‌రాత్ అనుకున్నవి మూడే పనులు: ఫలహారానికి బీరు చారు తాగడం, కవాతు చేయించడం, కెప్టెన్ కావడం. పదకొండేళ్ళుగా లెఫ్టినెంట్‌గానే ఉండి ప్రాణం విసిగిపోయింది.

తీరా చూస్తే మూలన ఉండాల్సిన స్పాంటూన్ లేదు. ఆ పొడుగు బల్లెం చేతిలో లేకపోతే డ్యూక్ గారి పదాతిదళంలో ఎవడూ అధికారి కాడు. అది వంటింట్లో దొరికింది. భార్య ఒట్టీలియా దాంతో పొగగొట్టంలో వేలాడే సాసేజీలు దింపుతోంది.

"ఓసి నీ దుంపతెగ! అది నా పరువే!"

"మీ పరువు బాగా పొడుగండీ, చక్కగా అందుతోంది. నిచ్చెన విరిగి నెలైంది, బాగుచేయించారా?"

కున్‌రాత్ దాన్ని గుంజుకుని, కొవ్వు కారుతున్న బల్లెంతోనే పరుగెత్తాడు.

మైదానంలో కర్నల్ ద్రాక్సెల్ షరతు పెట్టాడు. "ఫిరంగుల మోతలో మీ కేకలు ఎవడికి వినబడతాయయ్యా? బల్లెం ఎటు ఊగితే దళం అటు నడవాలి. కాలి పక్కన నిటారుగా నిలిపితే ఆగాలి. నోరు తెరిచిన వాడికి కెప్టెన్ పదవి లేదు!"

అసలే ఆగస్టు నెల. కొవ్వు వాసనకి కందిరీగ వచ్చింది. కున్‌రాత్ బల్లేన్ని ముందుకు విదిలించాడు. డెబ్బైమంది ముందుకు కదిలారు. ఇంకో నాలుగొచ్చాయి. కుడికి విదిలించాడు. డెబ్బైమందీ కుడికి తిరిగి కర్నల్ గారి క్యాబేజీ మడిలోకి దిగారు. ఆపుదామంటే బల్లెం నిటారుగా నిలపాలి. నిలిపితే కందిరీగలు మొహం మీదికే వస్తాయి. ఏడుపొచ్చింది గానీ నోరు తెరవలేదు.

"అయ్యగారూ, ముందు బాతుల కుంటండీ!" అని సార్జెంటు బిర్క్ గొణిగాడు.

సరిగ్గా అప్పుడే ఒక కందిరీగ కున్‌రాత్ ముక్కు మీద వాలింది. బల్లెం ముందుకు ఊగింది. అందరూ కుంటలో దిగారు. వెనకే దిగిన కున్‌రాత్ బల్లెం మొనను నీళ్ళలో ముంచి, కందిరీగలు వదిలాక నిటారుగా నిలిపాడు. దళం మెడలోతు నీళ్ళలో, వరస చెడకుండా ఆగింది.

కర్నల్ ఎర్రబడ్డ మొహంతో గట్టుకొచ్చాడు. పదకొండేళ్ళూ నీళ్ళపాలయ్యాయని కున్‌రాత్ కళ్ళు మూసుకున్నాడు.

"ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఎందుకని అడగలేదయ్యా!" కర్నల్ కళ్ళు తుడుచుకున్నాడు. "క్యాబేజీలు పోతే పోనీ. శభాష్, కెప్టెన్! ఆదివారం డ్యూక్ గారొస్తున్నారు. ఇదే విన్యాసం చూపించాలి. ఒక్క అడుగు తేడా రాకూడదు."

ఇంటికి రాగానే ఒట్టీలియా బల్లెం లాక్కుని బూడిదతో తోమి తెచ్చింది. "తప్పైపోయిందండీ. ఇంకెప్పుడూ ముట్టుకోను. చూడండి, కొవ్వు చుక్క లేదు."

కెప్టెన్ కున్‌రాత్ తళతళలాడే ఆ బల్లేన్ని చూసి, పొగగొట్టంలో ఇంకా సాసేజీలేమైనా మిగిలాయా అని అడిగాడు.