ధర్మారావు చూపుడు వేలు

ఆ రోజు పొద్దున ధర్మారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పెళ్లాం బజారు నుంచి తిరిగొచ్చేలోగా లారీ కిందకి దూరాలి. గేరు బాక్సుకి మీటరు కేబులు తగిలే చోట అరిగిపోయిన రబ్బరు సీలు తీసి కొత్తది వేయాలి. ఆ తర్వాత చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతూ కూర్చోవాలి. అంతే.

గుడివాడలో టెంట్ హౌస్ నడిపే ధర్మారావుకి ఆ లారీ అంటే ప్రాణం. షామియానాలు, కుర్చీలు, డేగిసాలు మోసి ఇల్లు నిలబెట్టింది అదే. వయసు మీద పడి ఈమధ్య కారడం మొదలెట్టింది. గేర్ ఆయిలు కేబులు వెంట పైకి పాకి, స్పీడు చూపించే మీటరులోంచి పక్కన కూర్చున్నవాళ్ల ఒళ్లో టప్పుటప్పున పడేది. కిందటి నెల మాణిక్యమ్మ పట్టుచీర మీద పడింది. దాంతో ఆవిడ తీర్పు చెప్పేసింది. అన్నయ్య మనవడికి మోపిదేవిలో పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. సామాను వేసుకుని ఈ లారీలోనే వెళ్తారు. దారిలో ఒక్క చుక్క పడినా మర్నాడే లారీ పాత ఇనుముకి. కొనేవాణ్ణి ఆ అన్నయ్య వెంకటరమణ అప్పుడే మాట్లాడి ఉంచాడు. ఆయనది బందరు చిలకలపూడిలో గిల్టు నగల వ్యాపారం. మెరవని వస్తువు ఎవరింట్లో ఉన్నా ఆయనకి గిట్టదు.

సామాను ఎక్కించి ఇంటి ముందు సిద్ధంగా ఉన్న లారీ అద్దానికి చొక్కా తగిలించి ధర్మారావు కిందకి దూరాడు. నట్టు విప్పి కేబులు లాగాడు. లారీ రోడ్డు వాలున ఒక పక్కకి ఒరిగి ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పక్కకే చేరిన ఆయిలు నల్లగా, చిక్కగా బయటికొచ్చి, మొహం తడిపి రోడ్డు మీదకి సాగింది. కంగారులో చేతికి ఏది దొరికితే అది పెట్టి కన్నం మూశాడు. దొరికింది తన చూపుడు వేలే.

కారడం ఆగింది. ధర్మారావు తన తెలివికి తనే పొంగిపోయాడు. కొత్త సీలు చొక్కా జేబులో ఉందని ఆ తర్వాత గుర్తొచ్చింది.

ముందు చూసింది ఎదురుగా ఇడ్లీ బండి పెట్టుకున్న ఎస్తేరు. లారీ కింద నుంచి రెండు కాళ్లు, వాటి పక్కన నల్లటి మడుగు. నెత్తురే అనుకుని పరుగున వచ్చి పలకరించింది.

"అరవకండి ఎస్తేరు గారూ," అన్నాడు ధర్మారావు గొంతు తగ్గించి. "నేను కదిలితే మొత్తం కారిపోద్ది. మాణిక్యానికి మాత్రం తెలియనివ్వకండి. ఆ చొక్కా ఒక్కసారి ఇలా ఇవ్వండి, చాలు."

చావుబతుకుల్లో కూడా పెళ్లాం కోసం దిగులుపడుతున్నాడనీ, పోయేముందు పరువుగా చొక్కా వేసుకోవాలనుకుంటున్నాడనీ ఎస్తేరుకి అర్థమైంది. ఏడుస్తూ వీధంతా లేపింది.

పక్కింటి సుబ్బారావు గారు రిటైరైన హెడ్మాస్టరు. సర్వీసులో ఉండగా ప్రథమ చికిత్స శిక్షణకి వెళ్లొచ్చారు. ఆ విద్య వాడే అదృష్టం ఇన్నాళ్లకి పట్టింది. గాయపడినవాణ్ణి కదపకూడదు, మాట్లాడించకూడదు, అడిగింది ఇవ్వకూడదు అని అందరికీ గట్టిగా చెప్పారు. తనకేం కాలేదనీ, సీలు ఇస్తే చాలనీ ధర్మారావు మొత్తుకుంటే, దెబ్బ తలకి తగిలిందని తేల్చారు. చొక్కా జేబులోంచి ఫోను తీసి ఆంబులెన్సుకీ, బందరులో ఉన్న వెంకటరమణకీ కబురు చెప్పేశారు.

కాళ్ల మీద ఎండ పడుతోందని ఎవరో జాలిపడి లారీలోంచి షామియానా దించి కట్టారు. వచ్చినవాళ్లు ఎంతసేపని నిలబడతారని కుర్చీలు దించారు. పెద్ద డేగిసాలో టీ మరిగింది. వద్దు వద్దని ధర్మారావు కాళ్లు ఆడించాడు. కాళ్లు కొట్టుకుంటున్నాయని జనం ఇంకాస్త హడలిపోయారు.

పొద్దున్నే ఇంటి ముందు షామియానా, వరసగా కుర్చీలు, పెళ్లి అనుకుందామంటే గుమ్మానికి అరటి బోదెల్లేవు. వీధి చివర నుంచి చూసేవాడికి ఇక ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కొత్తగా వచ్చేవాళ్లు చెప్పులు దూరంగా విడిచి, తలలు దించుకుని కూర్చోవడం మొదలెట్టారు. ఇంకో టెంట్ హౌస్ యజమాని నాంచారయ్య బంతిపూల దండ తెచ్చి, ఎక్కడ వెయ్యాలో తెలియక లారీ చుట్టూ తిరిగాడు. ఎప్పుడు తీస్తారని పక్కవాణ్ణి మెల్లగా అడిగాడు.

"సీలు ఇస్తే ఇప్పుడే తీస్తానండీ," అని లారీ కింద నుంచి వినిపించేసరికి దండ జారవిడిచాడు.

సరిగ్గా అప్పుడే మాణిక్యమ్మ ఆటో దిగింది. తన ఇంటి ముందు షామియానా చూసింది, కుర్చీల్లో జనాన్ని చూసింది, దండ చూసింది. పరుగున వచ్చి ఆ ఆయిల్లోనే కూలబడి రెండు కాళ్లూ పట్టుకుంది.

"ఏవండీ, లేవండి. లారీ అమ్మనండీ. ఎంత కారితే అంత కారనివ్వండి, నా చీరలన్నీ పోయినా సరే. మోపిదేవి స్వామి మీద ఒట్టు."

ధర్మారావు నోరు తెరిచాడు. ఆవిడ ఏడుపు వింటే గుండె తరుక్కుపోయిన మాట నిజం. కానీ ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఇంతమంది సాక్షిగా ఒట్టు పెట్టుకోవడం ఇదే మొదలు. అది పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి ఊరుకున్నాడు.

"ఆ మాట మీ అన్నయ్య వచ్చాక ఇంకోసారి అంటావా?" అన్నాడు చివరికి.

ఏడుపు ఠక్కున ఆగింది. మాణిక్యమ్మ వంగి చూసింది. నల్లటి మొహం, తెల్లటి పళ్లు, గేరు బాక్సులో వేలు. ఆ తర్వాత ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయడం కుదరదు. తిడుతూనే చొక్కా అందుకుని, సీలు తీసి ఆయన రెండో చేతిలో పెట్టింది. ఒట్టు మాత్రం వెనక్కి తీసుకోలేకపోయింది. స్వామి పేరు నోట వచ్చేసింది కదా.

సీలు పడింది, నట్టు బిగిసింది, పోయినంత ఆయిలు మళ్లీ పోశారు. ఒక్క చుక్క కారలేదు. సంతోషం పట్టలేక ధర్మారావు బండి స్టార్ట్ చేసి హారను మోగిస్తే, సంగతి తెలియని వెనక వరసవాళ్లు లేచి పరిగెత్తారు. తెచ్చిన దండ వెనక్కి తీసుకెళ్లడం బాగుండదని నాంచారయ్య దాన్ని లారీ ముందు కట్టేశాడు. ఆంబులెన్సు వచ్చి, పేషెంటు ఎవరో తేలక, సిబ్బంది టీ తాగి వెళ్లిపోయారు.

సామాను మళ్లీ ఎక్కిస్తుండగా వెంకటరమణ కొత్త కారు వచ్చి ఆగింది. కంగారులో ఎన్ని స్పీడ్ బ్రేకర్ల మీద నుంచి ఎగిరొచ్చాడో ఆయనకే తెలియదు. బావ బతికే ఉన్నాడని చూసి కావలించుకుని భోరుమన్నాడు. కళ్లు తుడుచుకోగానే, ఇందుకే పాత బండ్లు ఉంచుకోకూడదని అలవాటు కొద్దీ మొదలెట్టాడు. మాట సగంలో ఉండగా ఎక్కడో టప్పుమంది. అందరూ కిందకి చూశారు. కొత్త కారు కింద నుంచి నల్లటి ఆయిలు సన్నగా ధార కట్టి రోడ్డు మీదకి సాగుతోంది.

వీధి వీధంతా ఒక్కసారిగా ధర్మారావు వైపు తిరిగింది.

ధర్మారావు చూపుడు వేలు జేబులో పెట్టుకుని లారీ ఎక్కాడు.