మందు లేని చేప

ఏదులకుంట చేపలన్నింటినీ ప్రభుత్వం మందులుగా గుర్తించడంతో, ఆ చెరువులో వల వేయాలంటే డాక్టరు చీటీ తప్పనిసరైంది. ఎగువనున్న మందుల ఫ్యాక్టరీల నీళ్లు ఏళ్ల తరబడి అందులోకే వస్తున్నాయి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నిద్ర పట్టనివాళ్లకు వాలుగ, రక్తపోటుకు బొచ్చె రాస్తున్నారు. గుండెదడకైతే పరకలు, భోజనం తర్వాత రెండు.

చెరువు మీద బతికే గంగారాంకు తెల్లకోటు ఇచ్చి, మందులిచ్చే పని అప్పగించారు. పని తేలికే. మత్తుమందు తాగీ తాగీ చేపలు పారిపోవడం మానేశాయి. పిలిస్తే ఒడ్డుకొస్తున్నాయి.

చిక్కల్లా అతని భార్య రాజమణితో వచ్చింది. పెళ్లయిన చాన్నాళ్లకు కడుపుతో ఉన్న ఆమెకు కొర్రమీను పులుసు మీదికి మనసు పోయింది. మరేం తిన్నా కక్కేస్తోంది. కొర్రమీనేమో కుటుంబ నియంత్రణ శాఖ కిందికి వెళ్లిపోయింది. దాని ఒంట్లో ఉన్నది కడుపు నిలవకుండా చేసే మందు. ఆ మందుకు చెరువులోని మగ కొర్రమీన్లు కూడా ఆడవైపోయాయి. పిల్లలు పుట్టకపోయినా అవి గూడు కట్టడం మానలేదు. ఖాళీ గూటి చుట్టూ కాపలా తిరిగేవి. గంగారాం కాసేపు చూసి తల తిప్పుకునేవాడు.

చివరికి జిల్లా ఆఫీసుకెళ్లి, మందు లేని కొర్రమీను ఒక్కటి ఇప్పించమని అడిగాడు. అధికారి మర్యాదగా కుర్చీ చూపించాడు.

"మందు లేని చేపంటే కల్తీ కింద లెక్క. మీ దగ్గరుంటే చెప్పండి, సీజ్ చేస్తాం."

"లేకనే వచ్చిన సార్."

"అయితే మీకేం భయం లేదు."

గంగారాం ఎగువకు నడిచి వాగులన్నీ గాలించాడు. తప్పించుకుపోయే చేప ఎదురైతే అదే మందు లేనిదని తెలిసిపోయేది. దొరికిన ప్రతి చేపా నిదానంగా వచ్చి చేతిలో ఒదిగింది.

ఇంటికొచ్చేసరికి రాజమణి పొయ్యి మీద పులుసు మరిగిస్తోంది. చింతపండు, మెంతులు, అల్లంవెల్లుల్లి అన్నీ వేసింది, చేప తప్ప. ఆ వాసన వాడ చివరిదాకా పోయింది.

అతని ఖాళీ చేతులు చూసి ఆమె రెండు కంచాలు కడిగి తెచ్చింది. ఇద్దరికీ అన్నం పెట్టి, పులుసు పోసింది. కళ్లు మూసుకుని తిన్నది. కక్కలేదు. మధ్యమధ్య నోట్లోంచి ముల్లు తీసి కంచం అంచున పెడుతోంది. అక్కడ ఏ ముల్లూ లేదు.

"మెల్లగ తిను, గొంతుల ఇరుకుతది" అన్నాడు గంగారాం, తన ముద్దలో ముళ్లు ఏరుకుంటూ.