గీతలు పడ్డ తెరకు జోహార్లు

మీ ఇంట్లో కంప్యూటర్ తెర శుభ్రంగా, నిలకడగా, ఏ రంగుది ఆ రంగులోనే కనిపిస్తోందా? అయ్యో పాపం! మీకు నా ప్రగాఢ సానుభూతి.

మమ్మల్ని మాత్రం దేవుడు చల్లగా చూశాడు. ముందు గదిలో కిటికీ పక్కనున్న మా డెస్క్‌టాప్ తెర మీద ఓ ఆదివారం పొద్దున్నే నిలువునా ఆకుపచ్చ గీతలు పడ్డాయి. ఆ వెనకే తెల్లగా ఉన్నదంతా వంకాయ రంగుకి తిరిగింది. అంతటితో ఆగిందా? మినుకు మినుకుమంటూ నాకు కన్ను కొట్టడం మొదలెట్టింది! ఈ వయసులో నాకు కన్ను కొట్టేవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి?

దీన్ని గ్రాఫిక్స్ గ్లిచ్ అంటారట. గ్లిచ్ కాదు బాబూ, గిఫ్టు!

నమ్మరా? వినండి. ఆన్‌లైన్ మీటింగులో మా మేనేజరు కనిపించగానే ఓ గీత తిన్నగా ఆయన మూతి మీదికి వచ్చి నిలబడుతుంది. గీత గీసి, 'ఇక్కడితో ఆపండి సార్' అని ఆయనతో అనగలిగిన మొనగాడు మా ఆఫీసులో ఇంతవరకు పుట్టలేదు. ఆ పని మా తెర చేసింది!

వార్తలు తెరిస్తే నాయకులంతా ఒకే వంకాయ రంగులో ఉన్నారు. ఎవరు ఏ పార్టీయో పోల్చుకోలేకపోయాను. మామూలు తెర మీద ఈ సత్యం బోధపడాలంటే ఎన్నికలు అయ్యేదాకా ఆగాలి!

నా పెళ్లి ఫొటో తెరిచాను. గీతలకు ఇవతల నేను, అవతల మా ఆవిడ. జైల్లో ఉన్నది ఎవరో, చూడ్డానికి వచ్చింది ఎవరో మాత్రం ఫొటోలో స్పష్టంగా తెలియలేదు. ఇక గీతల మధ్య మెరిసే చుక్కలంటారా! 'నీకు చుక్కలు చూపిస్తా' అని బెదిరించినవాళ్లు నా జీవితంలో చాలామంది ఉన్నారు. అన్నమాట నిలబెట్టుకుని పట్టపగలు చూపించింది ఈ తెర ఒక్కటే.

అయితే ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం తెలియాలంటే మీరు మా బావమరిదిని కలవాలి. కలవడం కష్టం అనుకోండి. అదే కదా కథ!

మా ఆవిడ తమ్ముడు. కంప్యూటర్లు బాగుచేయడం వాడి వృత్తి. రెండు వీధుల అవతల ఉంటాడు. పూర్వం మా డెస్క్‌టాప్ తుమ్మితే చాలు, వాడి స్కూటర్ మా గేటు ముందు దగ్గేది. గుమ్మానికి అడ్డంగా చెప్పులు విడిచి, తిన్నగా వంటింట్లోకి పోయి, గట్టెక్కి కూర్చునేవాడు. చిన్నప్పుడు ఇంట్లో అద్దం పగలగొట్టింది ఎవరన్న కేసు ప్రతి ఆదివారం విచారణకు వచ్చేది, ప్రతి ఆదివారం వాయిదా పడేది. కంప్యూటర్‌కు జలుబు చేస్తే మా ఆవిడ మొహం వెలిగిపోయేది.

తర్వాత వాడొక ఘనకార్యం చేశాడు. వాళ్లింట్లో కూర్చుని మా కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం ఒకటి పెట్టాడు. అంతే! అప్పట్నుంచి మా బావమరిది మా ఇంటికి బాణం రూపంలో వేంచేస్తున్నాడు. మౌస్ ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద బాణం గుర్తు తనంతట తాను కదులుతుంది. రెండు నొక్కులు నొక్కుతుంది, రోగం కుదురుస్తుంది, మాయమవుతుంది.

మా ఆవిడ పనులన్నీ వదిలేసి వచ్చి ఆ బాణం ఎదురుగా కూర్చుంటుంది.

"ఒరేయ్, తిన్నావా?"

బాణం అటూ ఇటూ ఊగుతుంది. వాడు ఏదో మెనూ వెతుకుతూ ఉంటాడు. ఈవిడ దాన్ని 'లేదు' అని చదువుకుంటుంది.

"ఏమండీ, ఇవాళ వీడు నీరసంగా కదులుతున్నాడు. ఒంట్లో బాగోలేదేమో!"

"అది మన ఇంటర్నెట్ నీరసమే!" అంటే వినదు.

ఇదిగో, ఆ రోజుల్లో పడ్డాయండీ ఈ గీతలు! ఫోన్ చేశాను. యథాప్రకారం బాణం దిగింది. డ్రైవర్ పాతబడ్డాడంది. కారే లేని ఇంట్లో ఒక డ్రైవరున్నాడని, అతనికి అప్పుడే వయసైపోయిందని నాకు ఆ రోజే తెలిసింది! కొత్త డ్రైవర్ చేరాడు. గీతలు చెక్కు చెదరలేదు.

"సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి బావగారూ."

"పెళ్లయిన దగ్గర్నుంచీ అందులోనే ఉన్నానోయ్!"

"మిమ్మల్ని కాదు, సిస్టమ్‌ని!"

అదీ అయింది. లాభం లేదు. చివరికి వాడు విసుక్కున్నాడు. "అసలు గీతలెక్కడున్నాయి బావగారూ? నాకు ఇక్కడ అంతా బాగానే కనపడుతోంది."

నన్ను అబద్ధాలకోరును చేస్తాడా! వెంటనే స్క్రీన్‌షాట్ తీశాను. తెరిచి చూసుకున్నాను. గీతలు నిగనిగలాడుతున్నాయి. తిరుగులేని సాక్ష్యమని మీసం దువ్వి మరీ పంపాను.

"ఇందులోనూ ఏం లేదు. అద్దంలా ఉంది!"

తర్వాత తెలిసింది. నేను గీతల తెర మీద ఏ బొమ్మ చూసినా గీతలే కనిపిస్తాయట. జబ్బు బొమ్మలో లేదు, తెరకు పోయే దారిలో ఉంది. కామెర్ల కంటితో చందమామను చూసి, పచ్చగా ఉందని ఫిర్యాదు రాసినట్టు!

"పోనీ ఫోన్‌తో తెరని ఫొటో తీసి పంపండి" అన్నాడు వాడు.

నేను చెవి దగ్గర్నుంచి ఫోన్ తీసి తెర వైపు తిప్పాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఫోన్ లాక్కుంది.

"ఫొటోలు సరిగ్గా రావట్లేదురా. మీ బావ ఫోన్ కూడా మీ బావలాగే మసకబారిపోయింది. నువ్వే వచ్చి చూడు."

చేసేదేముంది? స్కూటర్ గేటు ముందు దగ్గింది. చెప్పులు గుమ్మానికి అడ్డం పడ్డాయి. మా ఆవిడ ఎదురెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"ఈ కళ్లజోడేమిట్రా?"

"ఎప్పట్నుంచో ఉందక్కా."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదుగా."

"బాణానికి కళ్లజోడు వచ్చిందా అని ఎలా అడుగుతాన్రా!"

వాడు బల్ల వెనక్కి దూరాడు. తెర తీగ సగం ఊడి వేలాడుతోంది. అదెలా వదులైందో నన్ను అడక్కండి. ఆ బల్ల వెనక తుడిచేది మా ఆవిడ, నాకేం తెలుసు! వాడు తీగను ఒక్క నొక్కు నొక్కాడు. గీతలు పోయాయి. వంకాయ రంగు దిగిపోయింది.

"అయిపోయిందక్కా."

మా ఆవిడ మొహం చిన్నబోయింది. "అప్పుడేనా? సరిగ్గా చూశావా? లోపల కూడా ఏదో పాడై ఉంటుందిరా."

వాడు తీగ వంక చూశాడు. అక్క వంక చూశాడు. స్క్రూడ్రైవర్ తీసి, బాగున్న కంప్యూటర్‌ను నట్టింట్లో పాత పేపర్ల మీద నిలువునా విప్పి కూర్చున్నాడు. దుమ్ము దులుపుతూనే ఉన్నాడు. అద్దం కేసు మళ్లీ విచారణకు వచ్చింది. నన్ను సాక్షిగా పిలిచారు. నాకప్పటికి పెళ్లే కాలేదు మొర్రో అంటే కోర్టు ఒప్పుకోలేదు! పొద్దుగూకాక మరలు బిగించి, వాయిదా వేసి వెళ్లాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, బాగా పనిచేసే యంత్రాలతో బహు జాగ్రత్త! మనిషి గడప తొక్కకుండానే మన పనులన్నీ అయిపోతాయి.

మొన్న ఆదివారం వాడే ఫోన్ చేశాడు.

"బావగారూ, మా తెర మీద గీతలు పడుతున్నాయి. మీరూ అక్కా ఒకసారి వచ్చి చూడాలి."

కంప్యూటర్ల డాక్టరుకు నేను వైద్యమా! గొంతు సవరించుకుని, "ముందు ఓ ఫొటో పంపవోయ్" అన్నాను.

"ఫోన్ మసకబారింది బావగారూ."

మా ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంది.