అరచేతి కింద చేప

ఆ ఉదయం ఫొటోగ్రాఫరుగారికి ఉన్న పని ఒక్కటే: ఎడమచేత్తో చేపల్ని బెదరగొట్టి, మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిపోవడం. పక్షవాతం వచ్చి తగ్గుతున్న ఆ చేతికి అదే వ్యాయామం. గదికప్పుకు బిగించిన యంత్రం తెల్లటి బల్ల మీద వెలుతురుతో చెరువు గీస్తుంది. చెయ్యి కదిపితే వెలుగు చేపలు చెదిరిపోతాయి. ఎన్ని చెదిరితే చెయ్యి అంత బాగుపడ్డట్టు లెక్క.

ఇల్లంటేనే ఆయనకు బెంగ. భార్య పోయాక గోడల నిండా తను తీసిన ఇతరుల నవ్వులు తప్ప, పక్కన వచ్చి కూర్చునే ప్రాణి లేదక్కడ.

అంతలో నారింజరంగు చేపపిల్ల ఒకటి ఆయన అరచేతి కిందికి వచ్చి ఆగిపోయింది. కదలని చేతి దగ్గర చేప నిద్రపోతుందని అక్కడెవరికీ తెలియదు. ఏ రోగినీ వాళ్లు కదలకుండా ఉండనివ్వలేదు మరి. జీవితమంతా అందరికీ కదలొద్దని చెప్పిన ఆయన, ఇప్పుడు తనే బిగుసుకుపోయాడు.

"తాతగారూ, చెయ్యి కదపండి," అంది వ్యాయామం చేయించే అమ్మాయి.

ఆయన కుడిచేతి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. మాట కూడా పడిపోయిందనుకుని ఆమె డాక్టరు కోసం పరుగెత్తింది. ఈలోగా వచ్చిన నర్సు ఆయన నోట్లో థర్మామీటరు పెట్టడంతో మాట నిజంగానే పడిపోయింది.

డాక్టరు వచ్చి థర్మామీటరు తీసి, మూతి వంకర పోయిందేమో చూడాలనుకున్నాడు. "ఏదీ, కాస్త నవ్వండి బాబాయ్."

నవ్వు అడిగితే వచ్చేది కాదని ఫొటోగ్రాఫరుగారికి తెలుసు. ఆ మాట ఎన్ని వేలమందితో అన్నాడో. మూతి కదల్లేదు. డాక్టరు ఆయన కూతురికి ఫోన్ చేశాడు.

"మీ నాన్నగారు మామూలుగా ఎలా నవ్వుతారమ్మా?"

"అమ్మ పోయాక చూళ్లేదండీ. ఇప్పుడే వస్తున్నా."

స్ట్రెచర్ వచ్చి గుమ్మంలో ఆగింది. యంత్రమే చెడిందేమోనన్న ఆఖరి ఆశతో డాక్టరు బల్ల మీద ఒక్కటి చరిచాడు. చెరువంతా చెదిరింది. ఫొటోగ్రాఫరుగారి చెయ్యి చటుక్కున లేచి డాక్టరు మణికట్టు పట్టుకుంది.

"పడుకున్నదాన్ని లేపుతారేంటండీ?"

డాక్టరు చెయ్యి విడిపించుకోబోయాడు. రాలేదు. "సార్," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా, "అది ఎడమచెయ్యి."

స్ట్రెచర్ ఖాళీగా వెనక్కి వెళ్లింది. మణికట్టు రుద్దుకుంటూ, ఇక ఇంటికి వెళ్లొచ్చని చెప్పాడు డాక్టరు. ఆయన మాత్రం, యంత్రం ఆపేశాక వెలుగు ఆరిపోయిన బల్లనే చూస్తూ కూర్చున్నాడు.

ఆఫీసు బ్యాగుతోనే రొప్పుతూ వచ్చిన కూతురు ఆయన్ను ఇంటికి తీసుకెళ్లి, ఆ పూటకి అక్కడే ఉండిపోయింది. రాత్రి భోజనాలయ్యాక ఆయన ఎడమచెయ్యి అలవాటుగా ఖాళీ బల్ల మీదికి చేరి, కదలకుండా ఉండిపోయింది.

"చెయ్యి బానే ఉందా నాన్నా?" అంటూ కూతురు దగ్గరికి జరిగి, తన చేతిని మెల్లగా ఆ అరచేతి కిందికి పోనిచ్చింది.

ఆయన చాలాసేపు కదల్లేదు. ఈసారి డాక్టర్ని ఎవరూ పిలవలేదు.