చిల్లకల్లు కందకు నామకరణం

ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ చూడని మొక్క ఒకటి తన పదవీకాలంలోనే బయటపడిందని రాష్ట్ర దుంప పంటల అభివృద్ధి సంస్థ చైర్మన్ కిషోర్‌బాబు గారు జగ్గయ్యపేటలో ప్రకటించారు. గత పాలకుల హయాంలో ఒక్క కొత్త దుంప కూడా దొరకలేదని గణాంకాలతో నిరూపించారు. ఆ ఉపన్యాసం రాసింది నేనే. ప్రైవేటు కాలేజీలో సైకాలజీ చెప్పుకునే నాకు, ఒక నాయకుడి మనసును దగ్గరగా చూసే భాగ్యం అలా కలిగింది.

మొక్కను కనిపెట్టింది మాత్రం మా కాలేజీలో బోటనీ చెప్పే గెస్ట్ లెక్చరర్ పరిమళ. చిల్లకల్లు దగ్గర ఎర్రగుట్ట మీద దొరికింది. కంద, చేమల కుటుంబానిదే. తొలకరికి, ఆకు కన్నా ముందు, పువ్వొక్కటే నేలలోంచి లేస్తుంది. మూరెడు కాడ, ఎండిన నెత్తురు రంగు దొప్ప, దాని మధ్యలో వేలు లాంటి కంకి. ఈగలను పిలుచుకోవడానికి చచ్చిన ఎలుక వాసన వేస్తుంది. నాలుగు రోజుల్లో పువ్వు వాలిపోయాక ఆకు వస్తుంది. చుట్టుపక్కల గుట్టలన్నీ తిరిగి, ఇది ఇక్కడ తప్ప మరెక్కడా లేదని ఆవిడ తేల్చుకుంది.

ఆవిడ తొందర వేరు. ఎర్రగుట్టను గ్రావెల్ కోసం తవ్వుకునే లీజు నందిగామ నాయకుడు జగన్నాథరావు గారి చేతికి వచ్చింది. ఆయనదీ కిషోర్‌బాబు గారిదీ ఒకే పార్టీ. కాబట్టి ఇద్దరికీ మాటల్లేవు. కొత్త మొక్క వివరాలతో వ్యాసం సైన్సు పత్రికలో అచ్చయితే, అది చూపించి తవ్వకం ఆపమని అడగొచ్చు. అచ్చు కానంతవరకు ఆఫీసుల లెక్కలో అది పిచ్చి మొక్క.

చైర్మన్ గారు విని కరిగిపోయారు. మొక్కకు తన పేరు పెట్టమన్నారు.

"పెట్టుకుందాం సార్," అంది పరిమళ వెంటనే. "గుట్ట మిగిలితే చాలు."

తేలిగ్గా దొరికింది చాలదనిపించడం మనసు లక్షణం. వ్యాసం రాసినవాళ్లలో మొదటి పేరు కూడా తనదే ఉండాలన్నారు. రాసినవాళ్లు తమ పేరు తామే పెట్టుకుంటే ప్రపంచం నవ్వుతుందని పరిమళ నెమ్మదిగా చెప్పింది. పేరు వ్యాసం మీదో, మొక్క మీదో, ఏదో ఒక చోటే ఉండాలి.

ఆ వర్షాకాలమంతా ఆయన పడిన వేదన నేను కళ్లారా చూశాను. ఎన్ని వర్గాలతోనో పొత్తు కుదుర్చుకున్న మనిషి తనతో తను కుదుర్చుకోలేకపోయాడు. చివరికి ఒక ఉదయం పెసరట్టు తింటుండగా ఆయన ముఖం వెలిగింది.

"మాస్టారూ, అది కంపు కొడుతుందన్నారు కదూ?"

"చచ్చిన ఎలుక కంపండి."

"అయితే జగన్నాథరావు పేరు పెట్టించండి. రాత మనది, వాసన వాడిది."

ద్వేషంలో ఇంత ఉదారత ఉంటుందని నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

సంగతి తెలిసి నందిగామ భగ్గుమంది. రావుగారి అనుచరులు సెంటర్లో కంద దుంపలు కుప్పపోసి పెట్రోలు పోశారు. దుంపలు సరిగ్గా అంటుకోలేదు. ఈలోగా ఎవరో రావుగారి చెవిన వేశారు, ఇలాంటి పేరు ఒక్కసారి అచ్చయితే ఏ ప్రభుత్వం వచ్చినా మార్చలేదని. పథకాల పేర్లు, జిల్లాల పేర్లు కూడా మారిపోవడం చూసి అలసిన మనిషి ఆయన. సాయంత్రానికల్లా హైవే పొడుగునా కృతజ్ఞతల ఫ్లెక్సీలు లేచాయి.

రావుగారు పరిమళను పిలిపించారు. తోడుగా నేనూ వెళ్లాను. కాఫీలు ఇప్పించి, ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"ఒక్క డౌటమ్మా. రేపు ఆ మొక్కే లేకుండా పోయిందనుకో. పేరుంటుందా?"

పరిమళకు అబద్ధం చెప్పడం చేతకాదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఉంటుందండి."

"మొక్క పోయినా?"

"పోయినా."

"మంచి సైన్సు," అన్నారాయన తృప్తిగా.

అటు ఫ్లెక్సీలు చూసిన కిషోర్‌బాబు గారికి నిద్ర కరువైంది. తను తిట్టిన తిట్టు అవతలివాడికి దండ అయి కూర్చుంది. మొదటి రచయితగా వ్యాసం పంపడానికి తను పెట్టాల్సిన సంతకం పెట్టనని భీష్మించారు. పరిమళ అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. అచ్చయిన కాగితం తెమ్మన్నారు. చలికాలానికి ఆకులెండి మొక్క నేలలోకి దాక్కుంది. టిప్పర్లు గుట్టెక్కాయి. దుంపలు ఏరుకుందామని వెళ్లిన పరిమళను గేటు దగ్గరే ఆపేశారు. ఆవిడ దగ్గర మిగిలింది కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టిన ఒక్క పువ్వు.

గుట్ట చదునయ్యాక, ఇక వివాదానికి ఆస్కారం లేదని పార్టీ పెద్దలు నాయకులిద్దరినీ కలిపారు. చైర్మన్ గారు సంతకం పెట్టారు. వ్యాసం అచ్చయింది. రచయితల వరసలో పరిమళ పేరు చివర్న ఉంది, చైర్మన్ గారి పీఏ తరవాత.

జూన్‌లో చిల్లకల్లు హైవే పక్కన అభినందన సభ. సభాస్థలి మెరక చేయడానికి ఎర్రగుట్ట గ్రావెల్‌నే తోలించి, రావుగారు తన ఔదార్యం చాటుకున్నారు. వారం ముందు మంచి వాన పడింది. వేదిక వెనక మొక్క ఫొటో. రంగు బాగాలేదని ఫ్లెక్సీ షాపువాళ్లు రంగు మార్చి, మంచు బిందువులు అద్దారు.

మొక్కలు వస్తాయి, పోతాయి, పేరు శాశ్వతం అని రావుగారు చెబుతుండగా వాసన మొదలైంది. నాయకులు ఎవరికి వారు పక్కవాడి వైపు చూశారు. ఈ వర్గం ఆ వర్గాన్ని అనుమానించింది, ఆ వర్గం ఈ వర్గాన్ని. మర్యాదస్తులు కాబట్టి ఎవరూ బయటపడలేదు. చివరికి చైర్మన్ గారే షామియానా రత్తయ్యకు సైగ చేశారు. రత్తయ్య పార పట్టుకుని వేదిక కిందకి దూరి, కాసేపటికి తల బయటపెట్టాడు.

"ఎలక కాదండి. గ్రావెల్లోంచి ఏదో మొలిచిందండి, పువ్వులాగుంది. కింద దుంప కూడా ఉంది."

దుంప పంటల అభివృద్ధి సంస్థ చైర్మన్ గారు జేబురుమాలు ముక్కు మీంచి తియ్యలేదు.

"ఏదైతేనేం. అవతల పారేసి ఫినాయిల్ కొట్టు."

పార మా ముందు నుంచే వెళ్లింది. పరిమళ లేచి, నాయకులకు అడ్డం వస్తున్నానని కూడా చూసుకోకుండా దాని వెనక పరుగెత్తింది. ఖాళీ కుర్చీ ఫొటోలో బాగుండదని నన్ను అందులో కూర్చోమన్నారు. కూర్చున్నాను. చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టాను. ఫినాయిల్ వాసన ఎంతో హాయిగా ఉంది.