లండన్ టైముకు మెదక్ బండి

తెలంగాణ కొట్లాట జోరుమీదున్న ఏడాది. ఆ ఆదివారం పొద్దున నర్సింగం పెట్టుకున్న పని ఒక్కటే. పదమూడు మందిని మినీబస్సులో ఎక్కించుకుని ఏడింటికి మెదక్ నుంచి బయలుదేరాలి, పదిన్నరలోపు హైదరాబాదులో పరీక్ష సెంటరు ముందు దింపాలి. గేటు మూస్తే మూసినట్టే. పదమూడో మనిషి ఆయన బిడ్డ కావ్య. వయసు లెక్కన ఆ సర్కారు ఉద్యోగానికి ఆమెకు అదే ఆఖరి పరీక్ష.

బండి బుకింగులన్నీ కంప్యూటరు క్యాలెండరులో ఉంటాయి. పొద్దున్నే అలారం కొట్టి లేపేదీ అదే. ఆ కంప్యూటరును డిసెంబరులో బిగించింది బామ్మర్ది ఎల్లేష్. ఉద్యమం కోసం అతను రోడ్డెక్కని వారం లేదు. టైము ఏ ఊరిదో ఎంచుకోమని కంప్యూటరు అడిగితే, "చెన్నై, కలకత్తా, ముంబై, ఢిల్లీ" అని చదివి భగ్గుమన్నాడు.

"బావా, గిండ్ల మన హైదరాబాదే లేదు! వాళ్ల టైము మనకెందుకు?"

"మరేం పెడ్తవ్ రా?"

"లండన్ పెడ్త. మన మెదక్ చర్చి కట్టిన దొరల దేశమన్న అయితది."

ఊరు లండనని పెట్టి, గడియారం మాత్రం తన చేతి వాచీ చూసి తిప్పాడు. మూడు నెలలు అది నిమిషం తప్పలేదు.

ఆ ఆదివారం అలారం ఆరింటికి మోగింది. నర్సింగం కిటికీ తెరిస్తే బయట చీకటి.

"నీ ఫోన్ల అయిదే అయింది గదయ్యా!" అంది భార్య సిద్దమ్మ.

"చైనా ఫోను మాట ఇనాల్నా, గంత పెద్ద కంప్యూటర్ మాట ఇనాల్నా? సూర్యుడు గూడ బందుల ఉన్నడేమో, లే!"

సిద్దమ్మ ఉడకని ఉప్మానే డబ్బాలో పెట్టింది. కావ్య సగం జడతో బండెక్కింది. పరీక్ష రాయాల్సిన గాబ్రియేలు తలకు సబ్బుతో ఉంటే, అతన్ని నర్సింగం చెంబెడు నీళ్లు కూడా పోసుకోనియ్యకుండా లాక్కొచ్చాడు. ఇంకో పరీక్ష పిల్లగాడు రాజేందర్ ఒక కాలికి బూటు, ఒక కాలికి అమ్మ చెప్పు వేసుకున్నాడు. బండిని చూసి పాలవాడు తనకే ఆలస్యమైందనుకొని సైకిలు తొక్కాడు. పాలవాణ్ణి చూసి హోటలువాడు పొయ్యి ముట్టించాడు. హోటలు పొగ చూసి సగం మెదక్ పళ్లు తోముకుంది.

ఊరు దాటాక గాబ్రియేలు వాచీ చూసుకున్నాడు.

"నర్సింగన్నా! ఇంక ఆరే అయింది! సబ్బెండి నెత్తి డిప్పయింది, జవాబెవ్వరు చెప్తరు?"

కావ్య జనరల్ నాలెడ్జి పుస్తకం మూసింది. "నాయినా, ఇయ్యాల మార్చి ఆఖరి ఆదివారం. లండనోళ్లు ఎండాకాలానికి గడియారం గంట ముందుకు జరుపుకుంటరు. మామ లండన్ పెట్టిండు గద, మనది గూడ జరిగింది."

"మనం మెదక్ల ఉన్నమని దానికి తెల్వదా?"

"మనం చెప్తే గద!"

బండిలో తిట్లు హైదరాబాదు దారిలోని తూప్రాన్ దాటినా ఆగలేదు. దాటిన పావుగంటకు ఎల్లేష్ ఫోను.

"బావా, జర మాఫ్ చెయ్యి. తూప్రాన్ కాడ ఇప్పుడే రోడ్డు మీద కూసున్నం. పొద్దూకేదాక చీమను గూడ పోనియ్యం. నర్సాపూర్ మీది రెండో తొవ్వ గూడ బందే."

"గీ ముచ్చట నిన్ననే చెప్పొద్దారా?"

"చెప్తే పోలీసోళ్లు ఉండనిస్తరా? కావ్య పరీక్ష ఎట్ల బావా?"

"తూప్రాన్ దాటి పావుగంటాయె. నువ్ సల్లగుండాలె రా! నీ లండన్ సల్లగుండాలె!"

నర్సింగం బండిలో అందరికీ సంగతి చెప్పాడు. ముందుగా లేచింది గాబ్రియేలే.

"లండన్ ఏ దిక్కుంటది కావ్యా?"

"పడమర."

పదమూడు మందీ పడమరకు తిరిగి దండం పెట్టారు. నర్సింగం ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చెయ్యి ఎత్తాడు.

కావ్య పరీక్ష రాసింది, ఉద్యోగమూ తెచ్చుకుంది. నర్సింగం ఆ గడియారాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. గిరాకీలు కూడా లండన్ టైమే కావాలని పట్టుబట్టారు. ఏడు నెలలు ఆ బండెక్కిన వాళ్లకు ఎక్కడా ఏదీ తప్పిపోలేదు. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం దానంతటదే గంట వెనక్కి జరిగింది.

ఆ రోజు బండి అసలు టైముకు నిమిషం తేడా లేకుండా బయలుదేరింది. గంట లేటని అందరూ నర్సింగాన్ని తిట్టారు.